ముసలి గుర్రానికి నేనమ్మిన పొడి

ఆ ముసలాయన చెంప మీద పడ్డ మొదటి దెబ్బ నాది. తర్వాత ఎంతమంది కొట్టారో, ఎవరి బెల్టు ఎక్కడ తగిలిందో చెప్పలేను గాని, మొదటిది మాత్రం నాదే. ఇది రాయాలని కూర్చుని ఇంతకుముందు రెండుసార్లు చింపేశాను. రెండుసార్లూ ఈ ముక్కను ఎక్కడో నడిమధ్యలో దాచాను. అందుకే ఈసారి దీంతోనే మొదలుపెడుతున్నాను.

నాది వరంగల్‌లో పశువుల మందుల దుకాణం. పుట్టింది రఘునాథపల్లి దగ్గర ఒక పల్లెలో. మా నాన్న ఎడ్లను ములుగర్రతో పొడిచేవాడు, మమ్మల్ని అదే కర్ర రెండో కొసతో కొట్టేవాడు. ఆయన్ను చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనలేదు, మేమూ అనుకోలేదు. మాట వినకపోతే దెబ్బ పడుతుందన్నది అన్నం తిన్నంత మామూలు సంగతి మా ఇంట్లో. నా చెయ్యి ఆ ఇంట్లోనే పెరిగింది.

ముసలాయన ఖిలా వరంగల్‌లో, మట్టికోట లోపలి వైపు ఉండేవాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తోలడమే ఆయన బతుకు. ఒకప్పుడు నాలుగు ఉండేవట, నేను ఎరిగేనాటికి ఒక్కటే మిగిలింది. తెల్లటి ఆడ గుర్రం, వయసు ఇరవై దాటింది. బ్యాండు కొడితే ముందుకాళ్లు ఎగరేసి ఆడేది. పోయినేడు ఎండాకాలం మొదట్లో ఆయన నా దుకాణానికి వచ్చి గల్లా ముందు నిలబడ్డాడు.

"సేటు, గుర్రం పొద్దుగాల లేస్తలేదు. లేసినంక పదడుగులు ములుకుల మీద నడిచినట్టు నడుస్తాంది. గా నొప్పి సూది ఇయ్యి, రేపు పెండ్లున్నది."

"సూదులు ఊకె ఇయ్యద్దు కాక, కడుపుల పుండైతది" అన్నాను. అంతవరకు నేను చెప్పింది నిజమే. అక్కడ ఆగి, పశువుల దవాఖానకు తీసుకుపొమ్మంటే సరిపోయేది. నేను వెనక్కి తిరిగి పై అరలోంచి ఒక డబ్బా దించాను. దాని మీద దౌడు తీస్తున్న తెల్లగుర్రం బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో 'కీళ్లకు బలం'. సరుకు తెచ్చే మనిషి ఆ డబ్బాలు అరల నిండా సర్ది పోయాడు, అవి కదలడం లేదు. వెనక ఏం రాశారో నేను ఒక్కనాడు చదవలేదు.

"ఇది దాణాల కలుపు. నెల రోజులల్ల నీ గుర్రం మల్ల ఆడతది. ఫికర్ చెయ్యకు."

"నువ్వు జెప్తె ఐతది సేటు" అని రెండు డబ్బాలు సంచిలో వేసుకున్నాడు.

నెలన్నర తర్వాత మా చిన్న బామ్మర్ది పెళ్లి కుదిరింది. ఎదుర్కోళ్లకు గుర్రం కావాలన్నారు. నేనే ముసలాయన పేరు చెప్పాను. "గుర్రానికి మందు నేనే ఇచ్చిన, ఇప్పుడు మంచిగున్నది" అని మా అత్తగారింట్లో గొప్పగా చెప్పుకున్నాను. వెళ్లి చూసింది లేదు.

పెళ్లి రోజు పొద్దున పదిన్నరకు ఊరేగింపు ఫంక్షన్ హాలుకు కొద్ది దూరంలో ఉంది. తారు మెత్తబడేంత ఎండ. గుర్రం నడక చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది. ముందుకాళ్ల మోకాళ్లు వాచి ఉన్నాయి. ప్రతి అడుగుకూ తల కిందికి పోయి పైకి వస్తోంది. మందులమ్మేవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. ముసలాయన కళ్లెం పట్టుకుని దాని చెవిలో ఏదో చెబుతూ నడుస్తున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"సేటు, ఆడమనకుండ్రని జర చెప్పు పోరగాండ్లకు. నడుస్తది. ఆట మాత్రం కాదు."

"జెప్త తియ్" అన్నాను. చెప్పలేదు. పెళ్లికొడుకు స్నేహితులు అప్పటికే గుర్రం చుట్టూ చేరి ఈలలు వేస్తున్నారు. ఒకడు బెల్టు విప్పి గాలిలో ఆడించాడు. ఇంకొకడు దాని పిర్ర మీద కర్రతో కొట్టాడు. ముసలాయన చేతులు జోడించాడు. ఎవడో పటాకుల సరం వెలిగించి వెనకకాళ్ల దగ్గర పడేశాడు.

గుర్రం లేచింది. ఎన్నో ఏళ్లుగా అలవాటైన ఆటే కాబట్టి ముందుకాళ్లు రెండూ పైకెత్తింది, మా వాళ్లంతా కేకలు పెట్టారు. దిగేటప్పుడు ఎడమకాలు మోకాలి దగ్గర మడతపడింది. అంత పెద్ద ప్రాణి మొహం మీద పడిపోయింది. పైన కూర్చున్న మా చిన్న బామ్మర్ది దాని తల మీదుగా ఎగిరి డివైడర్‌కు భుజం కొట్టుకుని పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

ముందున్న బ్యాండువాళ్లకు ఇదేమీ తెలియదు. వాళ్లు వాయిస్తూనే ఉన్నారు.

గుర్రం మోకాళ్ల చర్మం లేచిపోయి ఎర్రటి మాంసం కనబడుతోంది. లేవబోయింది, మళ్లీ పడింది. ముసలాయన దాని తలను ఒడిలోకి తీసుకున్నాడు. మా పెద్ద బామ్మర్ది తమ్ముణ్ణి వదిలి నా వైపు తిరిగి అరిచాడు.

"బావా! నువ్వు మంచిగున్నదంటెనే గదా తెచ్చింది! గిదా నీ గుర్రం?"

అందరూ నన్నే చూశారు. ముసలాయన కూడా తలెత్తి నన్నే చూశాడు. ఆ చూపులో ఆశ ఉంది. నేను మాట్లాడతానని, ఇది తన తప్పు కాదని చెప్తానని ఆశ. ఆ చూపును నేను భరించలేకపోయాను. నాలుగడుగుల్లో అతని దగ్గరికి వెళ్లి చెంప పగలగొట్టాను.

"సచ్చే గుర్రాన్ని తోలుకొస్తవారా!" అన్నాను. మా నాన్న ఈడు మనిషిని.

అంతే, అందరికీ దారి దొరికినట్టయింది. బెల్టు, కర్ర, బూటుకాళ్లు, ఏది అందితే దాంతో కొట్టారు. ఆయన తప్పించుకోలేదు, గుర్రం మెడ మీద బోర్లా పడుకున్నాడు. దానికి తగలాల్సినవి కొన్ని ఆయన వీపు మీద పడ్డాయి, ఆయనకు తగలాల్సినవి కొన్ని దాని మెడ మీద పడ్డాయి. నేల మీద ఆనించిన కుడిచేతి మణికట్టును ఎవడో మడమతో తొక్కాడు. ఆయన నోట్లోంచి వచ్చిన అరుపు మనిషిదో గుర్రానిదో ఒక్క క్షణం తెలియలేదు.

వాళ్లను ఆపింది మనుషులు కాదు. గుర్రం పడుకున్నచోటి నుంచే వెనకకాలితో ఒక్క తన్ను తన్నింది. బెల్టు పట్టుకున్నవాడు మోకాలు పట్టుకుని రోడ్డు మీద దొర్లాడు. మిగతావాళ్లు వెనక్కి జరిగారు. అప్పటికి బ్యాండువాళ్లు పరుగెత్తుకొచ్చి ముసలాయన్ను పక్కకు లాగారు. గుర్రం మూడోసారికి లేచి నిలబడింది. నాలుగు కాళ్లూ వణుకుతున్నాయి. నేను ఆ పొద్దంతా దాని వైపు మళ్లీ చూడలేదు.

మా బామ్మర్దికి కట్టు కట్టించి తీసుకొచ్చేసరికి ముహూర్తం దాటబోతోంది. ఒక చెయ్యి మెడకు వేలాడుతుంటే రెండో చేత్తో తాళి పట్టుకున్నాడు. ముడులు మా ఆవిడే వేసింది, వాడికి అక్క కాబట్టి. మూడోరోజు ఇంట్లో అన్నం వడ్డిస్తూ ఆమె అంది.

"అందరు కొట్టిండ్రు. గని ముందుగాల లేసిన చెయ్యి నీదే."

నేను కంచం జరిపి దుకాణం తాళాలు తీసుకుని లేచాను.

ఆ రోజు దుకాణం తెరిచి ఆ డబ్బా కిందికి దించి వెనక రాసింది చదివాను. ఆవులకు, గేదెలకు, గొర్రెలకు, గుర్రాలకు, కోళ్లకు అన్నిటికీ ఒకటే పొడి. ఎక్కువ భాగం కాల్షియం. కీళ్లలోని మెత్తటి పదార్థానికి పనికొస్తాయని చెప్పే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ అనే పేర్లు అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. ఎంత వేశారో రాయలేదు. నెలన్నర పాటు ముసలాయన ఆ గుర్రానికి దాదాపు సున్నంపొడి తినిపించాడన్నమాట.

డబ్బా ఇంకా నా చేతిలో ఉండగానే ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ముసలాయన కూతురు. కొత్తవాడలో తివాచీలు నేస్తుంది. మగ్గం మీది నుంచే లేచి వచ్చినట్టుంది, చీర మీద నూలు పోగులు, చేతిలో పోగును దట్టించే ఇనుప పంజా. దువ్వెనలా పళ్లుండే బరువైన పనిముట్టు అది.

"సేటువు నువ్వేనా?"

"నేనే చెల్లె..."

మాట పూర్తికాలేదు. పంజా నా ఎడమ కనుబొమ మీద పడింది. రెండో దెబ్బకు గల్లా అద్దం పగిలింది. కళ్లలోకి నెత్తురు దిగి ఆమె నాకు ఎర్రగా కనబడింది.

"పొద్దుగాల మగ్గమెక్కకముందు కిల్లకు పొయ్యి నా చేత్తోని కలిపి వెట్టిన దానికి! సేటు జెప్పిండు బిడ్డా, సేటు జెప్పిండు అన్నడు మా బాపు. ఇయ్యాల బాపు చెయ్యి రెండు తుంటలైంది. నువ్వు కొట్టినవంట గదా! ముందుగాల నువ్వే కొట్టినవంట గదా!"

"కొట్టిన" అన్నాను.

ఆమె పంజా మళ్లీ ఎత్తింది. నేను చేతులు అడ్డం పెట్టలేదు. ఆమె ఎత్తిన చేతిని అట్లాగే దించి, పగిలిన అద్దం మీద ఉమ్మి వెళ్లిపోయింది.

దవాఖానలో కుట్లు వేయించుకుని వచ్చేసరికి కబురు మా అత్తగారింటికి చేరింది. సాయంత్రం పెద్ద బామ్మర్ది ఇద్దర్ని వెంటేసుకుని రెండు బండ్ల మీద దిగాడు. ఒకడి చేతిలో హాకీ కర్ర.

"ఆమె ఇల్లు యాడ బావా? కిల్లల గదా? నడువు, సూపెట్టు."

నేను షట్టర్ సగం దించి దాని ముందు నిలబడ్డాను. "పోవద్దు. ఆమె తప్పు లేదు. ముసలాయన తప్పు గూడ లేదు."

"మరి ఎవ్వనిది?"

"నాది. పొడి నేనిచ్చిన. అండ్ల మందే లేదు. గుర్రం కుంటుతాందని ఊరేగింపుల నాకు ఎర్కనే, ఆయన నాతోని జెప్పిండు గూడ. నేను మీకు చెప్పలే."

వాడి పిడికిలి నా నోటి మీద పడింది. షట్టర్‌కు తల కొట్టుకుంది, కనుబొమ కుట్లు తెగాయి. "మా తమ్ముని పెండ్లి కరాబు జేసింది నువ్వారా" అన్నాడు. అప్పటిదాకా బావా అని పిలిచినవాడు. ఇంకో రెండు తగిలాయి. హాకీ కర్ర పట్టుకున్నవాడే "ఇగ చాలు, సస్తడు" అని వాణ్ణి లాక్కుపోయాడు. వాళ్లు కోటకు వెళ్లలేదు. నేను ఆ ఏడాది చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే.

మర్నాడు పశువుల దవాఖానకు వెళ్లి డాక్టరమ్మకు జరిగిందంతా చెప్పాను. ఆమె ముఖం చిట్లించి విన్నది. నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. స్కూటర్ తాళం తీసుకుని "దారి చూపించండి" అంది.

గుర్రాన్ని రేకుల షెడ్డు పక్కన కట్టేసి ఉంచారు. ముసలాయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేయి మోచేతి దాకా పిండికట్టు. ఒక చెంప ఇంకా నల్లగా ఉంది.

"ఏం సేటు, ఇంకో డబ్బా తెచ్చినవా?" అన్నాడు.

"డాక్టరమ్మను తెచ్చిన కాక."

ఆయన ఆమెకు నమస్కారం పెట్టడానికి ఎడమచెయ్యి ఎత్తాడు. నా వైపు చూడలేదు.

కాలు మడిచి చూడాలి, తల పట్టుకొమ్మని డాక్టరమ్మ నాకే చెప్పింది. ఆమె మోకాలు వంచగానే గుర్రం మెడ తిప్పి నా భుజం పట్టుకుంది. చొక్కాతో పాటు కండ పళ్లలో పడింది. ఆ నొప్పికి నాకు లోకం తెల్లబడింది. విడిపించుకున్న మరుక్షణం నా పిడికిలి దాని మొహానికి ఎదురుగా పైన ఉంది. నేను ఎత్తలేదు, అది లేచింది.

"కొట్టు" అన్నాడు ముసలాయన మంచం మీద నుంచి. "నన్ను కొట్టినవ్ గద. దాన్నెందుకు ఇడిశిపెడతవ్? కొట్టు!"

గుర్రం కళ్లు మూసుకుని, చెవులు వెనక్కి మడిచి దెబ్బ కోసం ఎదురుచూస్తోంది. చెయ్యి దించుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

డాక్టరమ్మ పరీక్ష పూర్తిచేసి చెప్పినవి నేను బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాను. పొడి చివరి సంగతి అంది. మొదట డెక్కలు, పెరిగి వంకర తిరిగాయి, వాటిని సరిచేయించాలి. పళ్లు అరిగాయి, నానబెట్టిన దాణా పెట్టాలి. నిలబడే చోట రాయి కాకుండా మెత్తటి మన్ను పరవాలి. కట్టేసి ఉంచొద్దు, రోజూ కొంచెం కొంచెం నడిపించాలి. నొప్పిమందు తను రాసినన్ని రోజులే, తను చెప్పినంతే. మనిషిని ఇక ఎక్కించకూడదు.

"మరి పొడి ఏదివ్వాలె మేడమ్?" అన్నాను.

"గుర్రాల కోసం చేసింది చూడండి. ఒక్కో పూటకు ఏది ఎన్ని గ్రాములో స్పష్టంగా రాసి ఉండాలి. బ్యాచి, తేదీ ఉండాలి. రెండు మూడు కలిపి పెట్టకండి, దేనివల్ల ఏమైందో తెలీదు. ఆరు వారాలు చూడండి. తేడా లేకపోతే ఆపేయండి. అన్ని గుర్రాలకూ పనిచేస్తుందని నేను చెప్పను. అరిగిన కీలును ఏ పొడీ కొత్తది చేయదు."

ఈ మాటలు అమ్మేవాడిగా నేను చెప్పాల్సినవి. పదిహేనేళ్లుగా దుకాణంలో కూర్చున్నాను.

డబ్బాలు ముందేసుకుని వెతకాల్సి వచ్చినప్పుడు ముసలాయన కూతురు వచ్చింది. నా మీద నమ్మకం లేక వచ్చింది, ఆ మాట మొహం మీదే చెప్పింది. పగిలిన గల్లా మీద అట్టముక్క పరిచి, దాని మీద నేను అయిదు రకాలు పెట్టాను. ఒక్కొక్కటి తీసుకుని వెలుతురుకు పట్టి చదివింది.

"ఇది కుక్కలకట."

"పక్కన వెట్టు."

"ఇండ్ల పేర్లున్నయి గని ఎంతున్నదో లేదు. నువ్వు మాకిచ్చిన దానసొంటిదే."

ఆ డబ్బాను నేనే తీసి కింద పెట్టాను.

"ఇగో, గిది సూడు. మూడు రోజులల్ల ఉరుకుతదట!"

మూడు రోజుల్లో అన్నది అబద్ధమన్నా అయ్యుండాలి, లోపల నొప్పిమందు దాచి అన్నా ఉండాలి అని డాక్టరమ్మ చెప్పిన మాట ఆమెకు చెప్పాను. ఆమె ఆ డబ్బాను గుమ్మంలోంచి రోడ్డు మీదికి విసిరింది. లారీ చక్రం కింద పడి పేలినట్టు పగిలింది. లారీవాడు బండి ఆపి తిట్టాడు. ఆమె వాణ్ణి అంతకన్నా గట్టిగా తిట్టింది. చివరికి మిగిలిన రెండింటి ఫోటోలు తీసుకుని డాక్టరమ్మకు పంపాం. ఆమె ఒకటి చెప్పింది.

అప్పటినుంచి నలభై రోజులు రోజూ పొద్దున నేనే కోటకు వెళ్లాను. ముసలాయన చెయ్యి పనిచేయదు, ఆమెకు మగ్గం ఉంది. నానబెట్టిన దాణాలో కొలత ప్రకారం పొడి కలిపి పెట్టేవాణ్ణి. మొదటి వారం గుర్రం బకెట్ తన్నేసేది. ఒకసారి డెక్క నా పాదం మీద వేసి బరువంతా ఆనించింది, గోరు ఊడింది. ముసలాయన చూస్తూ కూర్చునేవాడు తప్ప దాన్ని అదిలించేవాడు కాదు. ప్రతి ఆదివారం కూతురు వచ్చి, గుర్రాన్ని షెడ్డు నుంచి వేపచెట్టు దాకా నడిపిస్తూ ఫోన్‌లో తీసేది. కళ్లను నమ్మొద్దు, పోల్చి చూసుకోండని డాక్టరమ్మే చెప్పింది.

మూడు ఆదివారాలు ఏమీ కనబడలేదు. ఆరో ఆదివారం వీడియో మొదటిదాని పక్కన పెట్టి చూశాం. లేచిన తర్వాత మొదటి అడుగులు ఇంకా బిగుసుకునే ఉన్నాయి గాని, ఇదివరకు పది పన్నెండు అడుగులు కుంటేది ఇప్పుడు నాలుగైదుతో సర్దుకుంటోంది. తల ఊపడం తగ్గింది. పొడి వల్లనా, డెక్కలు చెక్కించడం వల్లనా, ఎండలు తగ్గడం వల్లనా అని అడిగితే డాక్టరమ్మ నవ్వింది. "నాకూ తెలీదు. తింటోంది, నడుస్తోంది, ఇంకో ఆరు వారాలు పెట్టండి."

ముసలాయన మణికట్టు సరిగా అతుక్కోలేదు. కళ్లెం పట్టుకుంటే జారిపోతుంది. పెళ్లిళ్లు మానేశాడు. జరీ జీను అమ్మేశాడు. గుర్రం మాత్రం ఉంది, పొద్దున దాణా ఇప్పటికీ నేనే వెళ్లి కలుపుతున్నాను. కూతురు నేసే తివాచీల్లో కరాబైనవి తెచ్చి దాని కింద పరుస్తుంది. చలికాలం మొదటి వారంలో మళ్లీ బిగుసుకుపోయింది, మళ్లీ తేరుకుంది. మా అత్తగారింటి గడప నేను ఇంకా తొక్కలేదు. మా ఆవిడ ఒక్కతే వెళ్లివస్తుంది.

నా చెయ్యి మారిందని చెప్పాలని ఉంది గాని అది నిజం కాదు. మొన్న ఇంకొక గుర్రాలాయన దుకాణానికి వచ్చాడు. వయసులో ఉన్నవాడు. గుర్రం కుంటుతోంది, సాయంత్రం బరాత్ ఉంది, నొప్పి సూది కావాలన్నాడు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనన్నాను, గుర్రాన్ని తోలొద్దన్నాను. వాడు గల్లా మీదుగా నా కాలర్ పట్టుకున్నాడు. నేను వాణ్ణి కొట్టాను. ఒకసారి కాదు. పక్క దుకాణంవాళ్లు వచ్చి విడిపించేసరికి వాడి ముక్కు పగిలింది. వాడు ఆ సూది ఇంకెక్కడో కొనుక్కునే ఉంటాడు. వాడి గుర్రం ఆ సాయంత్రం ఆడే ఉంటుంది.

మర్నాడు కోటకు వెళ్లి ముసలాయనకు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, దాచి ఉంచలేకపోయాను. ఆయన గుర్రం మెడ మీద ఎడమచేత్తో రాస్తూ అంతా విన్నాడు. చాలా నెలల తర్వాత మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు.

"నీ చెయ్యి మంచిగనే ఉన్నదన్నట్టు, సేటు" అన్నాడు.

బకెట్ తీసుకుని దాణా కలపడం మొదలుపెట్టాను. ఆ రోజు కూడా ఆయన నన్ను కూర్చోమనలేదు.